తవిటమ్మ పరిచిన చాప

ముప్పై రెండేళ్లపాటు పలాసలో మైకు సెట్లు అద్దెకిచ్చినవాణ్ణి నేను. పేరు ఢిల్లేశ్వరరావు. పేరులో ఢిల్లీ ఉంది గానీ, రాజకీయం కోసం నేను ఊరు దాటి వెళ్లింది లేదు. రాజకీయమే మా షాపు ముందుకొచ్చి "హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటూ నిలబడేది. అన్ని జెండాల వాళ్లకీ స్పీకర్లు కట్టాను. అందరి ఉపన్యాసాలూ ఆంప్లిఫయర్ పక్కన కూర్చుని విన్నాను. ఇంతమందిని విన్నాక నాకు అర్థమైంది ఒక్కటే. మనిషి నోరు తెరిచి "సభకు నమస్కారం" అనేలోపే జనం అతనిది ఏ ఊరో, ఏ ఇల్లో, ఎన్నో క్లాసు దాకా చదివాడో తేల్చేసుకుంటారు. ఆ పైన అతను ఏం చెప్పినా వాళ్లు వినేది ఆ తేల్చుకున్నదాన్నే.

ఇది నాకు ముప్పై రెండేళ్లకి అర్థమైతే, మా మేనకోడలు దమయంతికి ఒక్క ఆదివారం పొద్దున అర్థమైంది. తెలివిగలవాళ్లతో వచ్చిన చిక్కే ఇది.

దమయంతి మా అప్ప తవిటమ్మ కూతురు. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్ప ఇరవయ్యారేళ్లుగా జీడి కార్ఖానాలో పిక్కలు కొడుతోంది. జీడి రసానికి వేళ్లు నల్లబడి, చర్మం ఊడి, మళ్లీ వచ్చి, మళ్లీ ఊడి, ఇప్పుడా వేళ్ల మీద గీతలనేవి లేవు. రేషన్ షాపులో ఆవిడ వేలు పెట్టినప్పుడల్లా మిషను ఎర్రలైటు వేస్తుంది. ఆ వేళ్లతోనే కూతుర్ని విశాఖ పంపి చదివించింది. ఆ పిల్ల చెవికీ మెదడుకీ మధ్య నరాల మీద పరిశోధన చేసి డాక్టరు అనిపించుకుంది. సూది వెయ్యని డాక్టరు.

చాపల సభ మొదలుపెట్టింది కూడా దమయంతే. మూతపడిన ఒక కార్ఖానా వెనక జీడిపిక్కలు ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది. నెలకో ఆదివారం అక్కడ చేరడం. వేదిక లేదు, కుర్చీ లేదు, ముఖ్య అతిథి లేడు, దండలు లేవు. మైకు కూడా లేదు, అందుకని మొదట్లో నేను ఆ సభని శాపనార్థాలు పెట్టాను. ఊరినీ రాష్ట్రాన్నీ ఎలా నడపాలన్న దాని మీద ఎవరికి కొత్త ఆలోచన వస్తే వాళ్లు ఇంటి నుంచి ఒక చాప తెచ్చుకుని పరుస్తారు. విషయం ఒక అట్టముక్క మీద రాసి తీగకి తగిలిస్తారు. నచ్చినవాళ్లు వచ్చి కూర్చుంటారు. నచ్చకపోతే మధ్యలో లేచి ఇంకో చాప మీదికి వెళ్లిపోవచ్చు, కోపతాపాలు లేవు. చాప ఖాళీ అయితే దాన్ని మడిచి చంకన పెట్టుకుని మనమూ ఇంకొకరి చాప మీదికి పోవాలి. అదే పద్ధతి.

రెండో సభకి మా అప్ప చాప తెచ్చింది. తుంగచాప, కొత్తది. అట్టముక్క మీద ఎవరిచేతో "రేషన్ మిషను" అని రాయించుకుంది. పాతికమంది దాకా కూర్చున్నారు. అప్ప కొంగు సర్దుకుని, "నానేటంతన్నానంటే..." అని మొదలుపెట్టింది.

చివర కూర్చున్న కాలేజీ కుర్రాడొకడు "నానేటంతన్నానంటే" అని మెల్లగా అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. వాళ్లకి పగ ఏమీ లేదు. ఆ యాస వినబడగానే నవ్వాలని సినిమాలు నేర్పాయి, నవ్వారు, అంతే. పక్క చాప మీద రిటైరయిన లెక్చరరు ఒకాయన స్థానిక స్వపరిపాలన గురించి పూలదండలాంటి తెలుగులో చెబుతున్నాడు. ఒకరి తర్వాత ఒకరు అటు జరిగారు. చివరికి అప్ప చాప మీద నేనొక్కణ్ణి మిగిలాను.

"పదరా తమ్ముడా," అంది అప్ప చాప మడుస్తూ. "ఆల్లదేటి తప్పు నేదు. నా మాటే అలాగుంతాది."

కళ్లం అవతలి వైపు నుంచి దమయంతి ఇదంతా చూసింది. ఆ పిల్ల మొహం ఎర్రబడటం చిన్నప్పుడు ఫ్రాకు చిరిగినప్పుడు చూశాను, మళ్లీ అప్పుడు చూశాను.

ఎనిమిది నెలలు విశాఖలో తలుపేసుకుని కూర్చుంది. తిరిగొచ్చినప్పుడు మా షాపు బల్ల మీద చింతగింజంత వస్తువొకటి పెట్టింది. కింద చిన్న కొక్కెం ఉంది, చెవి వెనక తగిలించుకోవడానికి.

"పాత క్యాసెట్లు ఏవైనా వెయ్యి మావయ్యా. ఉపన్యాసాలు," అంది. దాన్ని నా చెవికి తగిలించింది.

ముగ్గురు నాయకులవి వేశాను. ఒకాయన ఉరుముతాడు, ఒకాయన ముక్కుతో మాట్లాడతాడు, ఇంకొకాయన ప్రతి మాటకీ ముందు దగ్గుతాడు. క్లిప్పు తగిలించాక ఉరుమూ లేదు, ముక్కూ లేదు. మాటలు మాత్రం ఉన్నాయి. ముగ్గురివీ ఒకే గొంతులో వినబడ్డాయి. ఆ గొంతు ఎవరిదా అని కాసేపు ఆలోచించాను. అది నాదే. నాలో నేను ఏదైనా అనుకుంటానే, "ఇవాళ కరెంటు పోయేలా ఉంది" అని, ఆ గొంతు.

"మన చెవి మెదడుకి రెండు సంగతులు చేరవేస్తుంది," అంది దమయంతి. "ఏం అన్నారు, ఎవరన్నారు. రెండిటికీ దారులు వేరు. ఈ క్లిప్పు రెండో దారికి గడియ వేస్తుంది. అంతే."

నేను క్లిప్పు పీకి బల్ల మీద పెట్టాను. పరాయివాడు నా బుర్రలో దూరి నా బదులు ఆలోచిస్తున్నట్టనిపించింది. ఇక చచ్చినా పెట్టుకోనన్నాను. ఆ పిల్ల నవ్వి, "అయితే క్లిప్పుల పెట్టె నువ్వే చూసుకో. పెట్టుకోనివాడు ఒకడైనా బయట ఉండాలి. కానీ ఒట్టెయ్యి. ఏ మాట ఎవరన్నారో ఎప్పటికీ ఎవరికీ చెప్పకూడదు," అంది. షాపులో వేలాడుతున్న దేవుడి పటం మీద ఒట్టేశాను.

అప్పటి నుంచి సభ తీరు మారింది. మొహాలు కనిపించకుండా అందరూ చాప మధ్యకి వీపులు పెట్టి, బయటికి చూస్తూ గుండ్రంగా కూర్చునేవారు. చెవి వెనక క్లిప్పు. మాటలు వీపుల వెనక నుంచి వచ్చేవి. వీపులకి కులమూ లేదు, కాలేజీ లేదు. దారిన పోయేవాళ్లు చూసి, ఈ ఊళ్లో అందరూ ఒకరి మీద ఒకరు అలిగారా అనుకునేవారు. కానీ చాపల మీద నుంచి ఎవరూ లేచి వెళ్లేవారు కాదు. తన బుర్రలో తన గొంతుతోనే పుట్టినట్టున్న ఆలోచనని చూసి ఎవడు నవ్వుతాడు?

పదకొండో సభనాడు నేను పెట్టె పట్టుకుని మూడో చాప పక్కన నిలబడ్డాను. ఆ చాప మీద ఇరవై ఇద్దరున్నారు. దమయంతీ ఉంది. మా అప్పా ఉంది. మొదటిసారి చాప మడిచిన తర్వాత అప్ప సభలకి వస్తూనే ఉంది గానీ, ఊరికే విని పోతుందనుకునేది కూతురు. నేనూ అలాగే అనుకున్నాను. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"ఇంటికాడ వొండినోలు ముందు ఉప్పు సూడరా? ఉప్పు సూడకుండా నలుగురికీ పెడితే ఊరుకుంతామా? మరి రూలు పెట్టినోలు ఎందుకు సూడరు? ఎవులు రూలు పెడితే ఆల్లు ముందు నూరు రోజులు ఆ రూలు కింద బతకాల. రేసను మిసను పెట్టినాయన నూరు రోజులు జీడి రసంలో ఏలు ముంచాల. ముంచి, ఆ ఏలు అట్టుకెల్లి మిసను మీద ఎట్టి బియ్యిం తెచ్చుకోవాల. తెచ్చుకుని తిన్నాక, అప్పుడు మాకు పెట్టమను."

మా అప్ప. బట్టీ దగ్గర పిక్కలు కొడుతూ ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. నాకొక్కడికే అలా వినబడింది. మిగతా ఇరవై ఒక్కమందికీ ఎవరి గొంతులో వాళ్లకి వినబడింది.

తర్వాత ఎవరో అడిగారు, "అసెంబ్లీ వాళ్లకి కూడానా?"

"ఆల్లకి మరీ ముందు," అంది అప్ప.

అప్పుడు దమయంతి అంది. "ఈ కళ్లంలో ఇంత మంచి మాట నేనింతవరకు వినలేదు. అన్నదెవరో గానీ, దయచేసి ఇంకోసారి చెప్పండి."

తన కూతురు తనని బతిమాలుతోందని మా అప్పకి తెలియదు. తాను బతిమాలుతున్నది కన్నతల్లినని దమయంతికి తెలియదు. ఇద్దరూ ఒకే చాప మీద, వీపులు మూరెడు దూరంలో. నేను పెట్టె కింద పెట్టి కార్ఖానా గోడ చాటుకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను. అంత గర్వం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు. చెప్పుకోవడానికి లేని గర్వం మహా బరువు.

ఆ ఆలోచనకి సభవాళ్లు 'మొదటి ముద్ద' అని పేరు పెట్టారు. చుట్టుపక్కల మూడు పంచాయతీలు తీర్మానం చేసుకున్నాయి. ఒక ఊరి సర్పంచి కుళాయి నీళ్లు రోజుకి గంటే అని రూలు పెట్టి, పద్ధతి ప్రకారం ముందు తన ఇంటి నీళ్లే గంటకి కుదించుకున్నాడు. తొమ్మిదో రోజుకి ఆయన భార్యే వచ్చి రూలు మార్పించింది. ఈ కథ పేపర్లో పడింది. అక్కణ్ణుంచి జిల్లాకి, జిల్లా నుంచి శాసనసభకి పాకింది. 'మొదటి ముద్ద'ని చట్టం చెయ్యొచ్చా అని ఒక ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం వాళ్లకి ఆలోచన కంటే క్లిప్పు ఎక్కువ నచ్చింది. రాష్ట్రంలో ప్రతి మండలానికీ చాపల సభ, ప్రతి సభకీ క్లిప్పులు ప్రభుత్వమే ఇస్తుందన్నారు. వచ్చే నెల సభకి స్వయంగా వచ్చి చూసి తేలుస్తామన్నారు.

ఇక దమయంతికి తిండీ నిద్రా లేవు. విశాఖ ల్యాబులో సగం, మా షాపు వెనక గదిలో సగం పని. కొత్త క్లిప్పు తయారైన ప్రతిసారీ ముందు తన చెవికే తగిలించుకుని గంటలు గంటలు పరీక్షించేది. రెండేళ్లుగా అదే తంతు.

ఒక రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి బల్ల దగ్గర తీగలు అతుకుతోంది. చెవికి క్లిప్పు లేదు. ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకరు నొక్కింది.

"నానే," అంది అవతలి గొంతు.

మా ఇళ్లలో ఫోను చేసి పేరు చెప్పుకునే అలవాటు ఎవరికీ లేదు. నానే అంటే నానే.

"ఎవరండీ?" అంది దమయంతి.

"నానేనే. నా ఫోను సార్జి అయిపోనాది, మేస్త్రీ ఫోన్లోంచి సేస్తన్నాను. సందమావ సేప తెచ్చినాను. సాయంత్రం బేగి రా, పులుసెట్టి ఉంచుతాను."

దమయంతి తీగ మీంచి కళ్లెత్తలేదు. "రాంగ్ నెంబరు అనుకుంటానండీ. మీరెవరో నాకు తెలియడం లేదు. క్లిప్పుల గురించైతే సోమవారం చెయ్యండి."

అవతల కాసేపు కార్ఖానా చప్పుడు మాత్రం వినబడింది.

"ఏటీ నేదులెండి," అంది అప్ప. ఫోను పెట్టేసింది.

కన్నకూతుర్ని 'లెండి' అంది.

"ఒసే, అది మీ అమ్మే!" అన్నాను.

"ఊరుకో మావయ్యా," అని నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపింది. "లైను బాగులేదు."

"లైను శుభ్రంగా ఉంది. చేప పులుసన్నది కూడా వినబడలేదేటి?"

"పులుసూ వినబడింది. ఎవరో పెద్దావిడ పాపం తప్పు నెంబరుకి చేసిందనుకున్నాను." తీగ కింద పెట్టేసింది.

షాపులో నా దగ్గర లేని రికార్డింగు లేదు. వెతికి, దాని చదువు పూర్తయినప్పుడు అప్ప ఇంటి దగ్గర నేను పట్టిన మాటలు వేశాను. కళ్లు మూసుకుని వినమన్నాను. తర్వాత రేడియోలో వార్తలు వేశాను. తర్వాత నేనే వెనక నిలబడి మాట్లాడాను. మూడింటికీ అది తల అడ్డంగా ఊపింది. మాటలన్నీ తప్పు లేకుండా అప్పజెప్పింది. గొంతులు మాత్రం ఒక్కటీ చెప్పలేకపోయింది.

"మూడు నెలల నుంచీ అనుమానంగానే ఉంది," అంది చివరికి. "ఫోను వస్తే ముందు పేరు చూసుకునే ఎత్తుతున్నాను. అలసట అనుకున్నాను. గడియ వేసి వేసి దారే పూడుకుపోయినట్టుంది."

"మళ్లీ తెరుచుకుంటుందా?"

"తెలియదు. తెరుచుకోవచ్చు. తెరుచుకోకపోవచ్చు."

ఆ సాయంత్రమే సభకి తరచూ వచ్చే పద్నాలుగుమందిని పిలిచి పరీక్షించింది. ఐదుగురికి మొదలైంది. వాళ్లలో జోగినాయుడు మాస్టారొకరు. "హాజరు పిలిస్తే ఎవడు పలికాడో తల ఎత్తి చూస్తే గానీ తెలియడం లేదమ్మా. వయసనుకున్నాను," అన్నాడు పాపం.

అందరూ వెళ్లాక నేను అడిగాను. "ఇప్పుడేటి చేస్తావు? ఉపసంఘం పది రోజుల్లో వస్తోంది."

"క్లిప్పు తీసేస్తే అమ్మ చాప మళ్లీ ఖాళీ అవుతుంది మావయ్యా," అంది. మొహం గోడకి తిప్పుకుంది. "నీకు గుర్తులేదేమో గానీ, ఆ రోజు అమ్మ చాప మడిచిన తీరు నేను మర్చిపోలేదు. అమ్మలాంటివాళ్లు ఈ రాష్ట్రంలో ఎన్ని లక్షలమంది! నా ఒక్కదానికి గొంతులు తెలియకపోతే ఏం? వాళ్ల మాట జనానికి వినబడాలి."

"నీ ఒక్కదానికా? ఐదుగురు ఇప్పుడే చూశావు. లక్ష క్లిప్పులు పంచాక లక్షమంది తల్లులు పిల్లల్ని లెండి, రండి అనాలా?"

మొదటి ముద్ద అన్నది మీ అమ్మేనని చెప్పేయాలని నాలుక చివరి దాకా వచ్చింది. దేవుడి పటం కేసి చూసి మింగేశాను. నన్ను నేనే తిట్టుకుంటూ అప్ప ఇంటికి నడిచాను.

అప్ప పొయ్యి ముందు కూర్చుని పులుసు కలుపుతోంది. నేను రాగానే, "పెద్దదైపోనాది గదా. నాలాంటోలు ఎందరో సేస్తుంతారు, ఎవులని గుర్తుంతాది," అంది. కోపం లేదు ఆ గొంతులో, కోపమైనా బాగుండేది.

జరిగింది జరిగినట్టు చెప్పాను. క్లిప్పు సంగతి, పూడిన దారి సంగతి, మాస్టారి సంగతి. అప్ప గరిటె ఆపింది.

"అయితే నా గుంట నన్ను మర్సిపోనేదు."

"లేదప్పా. నీ గొంతే నీ కూతురికి అందడం లేదు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తుడుచుకుంది. "మరి పెట్టుకున్నోలందరికీ ఇలాగే అవుతాదా?"

"అవొచ్చు."

"తెలిసీ ఎలాగ పంచుతాది?"

"అది లేకపోతే నీ మాట ఎవరూ వినరని దానికి భయం. నీ కోసమేనప్పా ఆ పిచ్చిది ఇదంతా చేసింది."

అప్ప చేప ముక్కలు గిన్నెలో పెట్టి, మూత వేసి, "అట్టుకెల్లి దానికి పెట్టు. తినకుండా పన్జేస్తాది," అంది.

ఉపసంఘం వచ్చిన ఆదివారం కళ్లంలో నాలుగు వందలమంది ఉన్నారు. ఎవరో అత్యుత్సాహంతో కుర్చీలు తెప్పిస్తే, ఉపసంఘం అధ్యక్షురాలే వద్దని చాప మీద కూర్చున్నారు. అరవై దాటిన మనిషి, చేనేత చీర, నెమ్మదిగా మాట్లాడతారు. నేను క్లిప్పుల పెట్టె తెరిచి పంచడానికి సిద్ధంగా ఉన్నాను. దమయంతి వచ్చి పెట్టె మూత వేసింది.

"ఇవాళ ఇవి పంచడం లేదు," అంది అందరికీ వినబడేలా. "మొదటి ముద్ద మాట మీకు తెలుసు. వండినవాళ్లు ముందు ఉప్పు చూడాలి. ఈ క్లిప్పు వండింది నేను. నూరు రోజులు కాదు, రెండేళ్లు రుచి చూశాను. పది రోజుల కిందట మా అమ్మ ఫోను చేస్తే ఎవరండీ అని అడిగాను. ఆవిడ గొంతు నాకు తెలియలేదు. ఇక్కడున్నవాళ్లలో ఇంకో ఐదుగురికి ఇదే మొదలైంది, వాళ్లకి నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇది నలుగురికీ వడ్డించే వంట కాదు. నేను వెనక్కి తీసుకుంటున్నాను."

రెండేళ్ల కష్టం. విశాఖ ల్యాబు నుంచి వచ్చినవాళ్ల మొహాలు నల్లగా మాడిపోయాయి. నాకు మాత్రం ఛాతీ ఉప్పొంగింది. ఏ ఆలోచనతో అది తన పనిని తానే తూచుకుందో, ఆ ఆలోచన ఎవరిదో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కదా.

అధ్యక్షురాలు చేతులు జోడించారు. "మీ నిజాయితీకి నమస్కారం అమ్మా," అన్నారు. "కానీ నేను ముప్పై ఏళ్లుగా సభల్లో ఉన్నాను. క్లిప్పు లేకపోతే ఈ చాపల మీద గెలిచేది మళ్లీ మంచి గొంతున్నవాళ్లే. దానికేం చేస్తారు?"

"తెలియదండీ," అంది దమయంతి. తల దించుకుంది.

అప్పుడు ఆడవాళ్ల గుంపులోంచి చాప చంకన పెట్టుకుని మా అప్ప వచ్చింది. అట్టముక్క లేదు. కళ్లం మధ్యలో చాప విదిలించి పరిచింది. వీపు తిప్పలేదు. జనం వైపు మొహం పెట్టి కూర్చుంది.

"ముద్ద మాట ఈ కల్లంలో ఎవులన్నారో మీకు తెల్దు," అంది. "నానన్నాను. ఈ నోటితోనే, ఈ గొంతుతోనే అన్నాను. మీకేమో మీ గొంతులాగ ఇనిపించినాది, నచ్చినాది. ఎవులన్నదీ సెప్పకూడదని ఇక్కడ పద్ధతి. నా మాట నానే సెప్పుకుంతన్నాను, తప్పయితే తిట్టండి."

దమయంతి నా వైపు చూసింది. నేను అవునన్నట్టు తలూపాను. ఒట్టు నేను తియ్యలేదు, అప్పే తీసింది.

"ఇప్పుడు ఇంకో మాట సెప్తాను. ఇది రూలు గాబట్టి ముందు నా మీదే పెట్టుకుంతన్నాను. నాలాగ మాటాడినోలం ఇకమీద ప్రతి సభకీ సాప తెస్తాం. మడవం. ఒక్కడే కూకున్నా మడవం. మీకు మా మాటకి నవ్వొస్తాది, నాకు తెలుసు. నవ్వండి. నవ్వడం అయిపోనాక కూకోండి. కూకుని ఇనండి. నూరు రోజులు సూడండి. ఈ సెవులకి అలవాటు సెయ్యాల గానీ, గడియేస్తే ఎలాగ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అప్ప ఆగింది. ఆ నవ్వు పూర్తయ్యే దాకా, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఓపిగ్గా చూసింది. "అయిపోనాదా?" అంది. ఈసారి అందరూ నవ్వారు, ఆ నవ్వు వేరు.

నేను జనం కాళ్ల కేసే చూస్తున్నాను. ముప్పై రెండేళ్ల అలవాటు. సభ పోతోందంటే ముందు తెలిసేది కాళ్లకే. వెనక వరసలో ముగ్గురు లేచారు. సభ పోయిందనుకున్నాను. ఆ ముగ్గురూ వరసలు దాటుకుంటూ ముందుకొచ్చి, అప్ప చాప అంచున కూర్చున్నారు. "వెనక్కి వినబడడం లేదండీ," అన్నాడు వాళ్లలో ఒకడు. పక్క చాపల మీద నుంచి ఇంకొందరు లేచారు. వాళ్లూ ఇటే వచ్చారు. అధ్యక్షురాలు కూడా తన చోటు వదిలి దగ్గరికి జరిగారు.

అప్ప ముప్పావు గంట మాట్లాడింది. మిషను గురించి, బట్టీ పొగ గురించి, నెలసరి రోజుల్లో కూర్చునే చోటు లేకపోవడం గురించి, కార్ఖానా చట్టం రాసినవాళ్లు ఒక్క వేసవి ఆ రేకుల కింద పిక్కలు కొడితే చట్టంలో ఏ ఏ మాటలు మారతాయో దాని గురించి. అడిగినవాళ్లకి బదులు చెప్పింది. తెలియనివి తెల్దు అంది. జోగినాయుడు మాస్టారు ఆవిడ మాటలు పుస్తకంలో రాసుకుంటూ, రాసుకోవడం ఆపి వింటూ ఉండిపోయాడు. ఎన్నో పెద్ద గొంతుల్ని నా స్పీకర్లలోంచి ఊరంతా వినిపించాను నేను. నాలుగు వందలమందిని మైకు లేకుండా కూర్చోబెట్టిన గొంతు మాత్రం మా ఇంట్లో ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

దమయంతి మొదటి వరసలో, నేల మీద, కళ్లు మూసుకుని కూర్చుంది. చివరిదాకా అలాగే ఉంది. చెంపలు తడిసిపోతున్నా తుడుచుకోలేదు.

జనం లేచి సర్దుకుంటుండగా అప్ప దాని ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆ నల్లటి వేళ్లతో కూతురి గడ్డం పైకెత్తింది.

"నా గొంతు తెలిసినాదేటే?"

"లేదమ్మా," అంది దమయంతి. "ఎంత ప్రయత్నించినా తెలియలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని ఆవిడ మాట్లాడుతున్నట్టే ఉంది. ఎంత బాగా చెబుతోంది, ఎంత ధైర్యం ఈవిడకి, ఈవిడ మా అమ్మయితే ఎంత బాగుండును అనుకున్నాను. కళ్లు తెరిచి చూద్దును కదా, నువ్వు."